కంచె అవతలి రాయి

విల్లడీన్ ట్రివిట్ ఆ బైబిలు తెరవకముందే వాసన చూసింది. నిజంగా పాతదైన పుస్తకానికి పొగాకు కొట్టం వాసన వస్తుంది. పాతదని చెప్పుకోవడానికి తయారుచేసిన పుస్తకానికి టీ డికాషన్ వాసన వస్తుంది. కౌంటీ కోర్టు రికార్డుల గదిలో ముప్పై ఒక్క ఏళ్ళు పనిచేసి రిటైరైన మనిషికి ఆ మాత్రం ముక్కు ఉండక తప్పదు.

"ఏమంటోంది మిస్ విల్లడీన్, వాసన?" అంది బల్లకు అవతల కూర్చున్న నోవెల్లా బోలిన్.

"ఇంకా నోరు విప్పలేదు. నువ్వు కాఫీ తాగు."

నోవెల్లా కాఫీ ముట్టలేదు. స్కూలు వంటశాలలో పాతికేళ్ళు మొక్కజొన్న రొట్టెలు కాల్చిన చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకుని, బైబిలు మీదనుంచి చూపు తిప్పకుండా కూర్చుంది. ఈవిడ దాన్నెక్కడ చంకలో పెట్టుకుని పారిపోతుందో అన్నట్టుంది ఆ చూపు.

ట్రివిట్ల వంశానికి విల్లడీన్ రిజిస్ట్రారు. రెండు వందల పాతికేళ్ళ కిందట అబ్సలోం ట్రివిట్ అనేవాడు గొడ్డలి, తుపాకీ పట్టుకుని ఈ వర్జీనియా కొండల్లోకి వచ్చాడు. అప్పటికి ఇది తెల్లవాళ్ళ రాజ్యానికి చిట్టచివరి అంచు. ఆయన సంతానం ఎవరో, ఎవరు కాదో విల్లడీన్ సంతకం పెడితేనే తేలుతుంది. సంతకం పడ్డవాళ్ళకే కొండ మీది ట్రివిట్ శ్మశానంలో చోటు. నోవెల్లా వచ్చింది దానికోసమే. వాళ్ళమ్మ ఓమాకి తొంభై రెండేళ్ళు. నర్సు వచ్చి చూసి, ఇంకో వారం, మహా అయితే పది రోజులు అని చెప్పి వెళ్ళిందట.

"అమ్మకి ఆ కొండ మీద చోటు కావాలి. అంతకన్నా ఏమీ అడగట్లేదు," అంది నోవెల్లా.

"చర్చి వెనకాల మీ వాళ్ళకి చోటుందిగా?"

"ఉంది. అమ్మకి ఆ కొండ కావాలట."

బోలిన్లు లోయ కొసన, రోడ్డు ఆగిపోయే చోట ఉంటారు. వాళ్ళది చామనచాయ. ఆ రంగు ఎక్కడిదనేదానికి లోయలో ఇంటికో కథ ఉంది. ఓడ పగిలి ఒడ్డుకు కొట్టుకొచ్చిన పోర్చుగీసువాళ్ళని ఒకరంటే, దారి తప్పిన టర్కీవాళ్ళని ఇంకొకరంటారు. ఎవరేమన్నా వాళ్ళ చాటునే. ఏటా మే చివరి ఆదివారం ట్రివిట్లంతా సమాధులు శుభ్రం చేసి పూలు పెట్టే డెకరేషన్ ఆదివారం నాడు, బోలిన్లు కూడా కొండెక్కేవాళ్ళు. లోపలికి రారు. కాయితంతో చేసి మైనంలో ముంచిన పూలు తెచ్చి, కంచె అవతల పేరూ ఊరూ లేని ఒక బండరాయి దగ్గర పెట్టి వెళ్ళిపోయేవాళ్ళు. అది ఏ వేటకుక్క సమాధో అయి ఉంటుందని ట్రివిట్లు నవ్వుకునేవాళ్ళు. విల్లడీన్ నవ్వేది కాదు. ఊరికే ఎవరూ ఏళ్ళ తరబడి పూలు పెట్టరు, ఎప్పుడో ఒకనాడు ఆ చోటు మాదని వస్తారని ఆవిడ ముందునుంచీ అనుమానిస్తూనే ఉంది. ఇదిగో, వచ్చారు.

ఆవిడ భూతద్దం తీసింది. బైబిల్లో పాత నిబంధనకూ కొత్త నిబంధనకూ మధ్య, పుట్టుకలూ చావులూ రాసుకునే పేజీలు. ఆ పేజీలు చదవలేదు. తిన్నగా మొదటి పేజీకి వెళ్ళి అచ్చయిన సంవత్సరం చూసింది.

"పద్ధెనిమిది వందల నలభై ఆరులో అచ్చయింది. లోపలేమో పదిహేడు వందల డెబ్భై నాలుగు పుట్టుక ఉంది. అచ్చవని పుస్తకంలో ఎలా రాశారు నోవెల్లా?"

"పాతది చిరిగిపోతే దీంట్లోకి ఎక్కించారు."

"అంతా ఒకటే చేతిరాత, ఒకటే సిరా. డెబ్భై ఏళ్ళ చావుపుట్టుకలు ఒక్క పూటలో రాసేశారు. దీన్ని మేం రుజువనం."

"మరేమంటారు?"

"కథంటాం."

నోవెల్లా మొహం మాడిపోయింది. "ఈలై, అబ్సలోంకీ హన్నాకీ కొడుకు, అని రాసుందిగా. ఆ ఈలై మా ముత్తాతకి తాత."

"ఆ పేర్లన్నీ మా నాన్న పంతొమ్మిది వందల ముప్పై నాలుగులో వేసిన వంశచరిత్రలో ఉన్నాయి. లైబ్రరీలో ఎవరైనా చూసి రాసుకోవచ్చు. ఈలై పెళ్ళీ పెటాకులూ లేకుండా పోయాడని కూడా అందులోనే ఉంది. నా చెవిలో పువ్వులు పెట్టాలని చూడకు, మైనం పూలైనా సరే."

"ఈ ముక్క ఉందా మీ నాన్నగారి పుస్తకంలో?" నోవెల్లా మోటువేలు ఒక వరుస మీద ఆగింది. 'హన్నా, ఈలై తల్లి, 1809 మార్చిలో పోయింది. కొండ మీద, తూర్పు వైపు పాతిపెట్టాం.'

లేదు. హన్నా సమాధి ఎక్కడో తెలియదనే నాన్న రాశాడు. విల్లడీన్ భూతద్దం బల్ల మీద పెట్టింది.

"ఒక్కటడుగుతాను మిస్ విల్లడీన్. మీరు అసలు కాగితాలు చూశారా, లేక మీ నాన్నగారి పుస్తకమే చూశారా?"

నోవెల్లా వెళ్ళాక కూడా ఆ మాట గోరుచుట్టులా సలిపింది. అందరికీ ఆవిడ చెప్పే మొదటి పాఠం అదే మరి. నకలును నమ్మకండి, అసలు చూడండి. రికార్డుల గదికి ఒహాయోనుంచీ టెక్సస్‌నుంచీ తాతల్ని వెతుక్కుంటూ వచ్చినవాళ్ళందరికీ ఆ మాట చెప్పి చెప్పి ఆవిడ నోరరిగింది.

*

మర్నాడు గురువారం ఉదయం కోర్టుకు వెళ్ళింది. తిరస్కరిస్తూ ఉత్తరం ముందే టైపు చేసి సంచిలో పెట్టుకుంది. కింద ఆధారంగా అసలు కాగితం నంబరు ఒకటి వేసి సంతకం చేస్తే, నోవెల్లా ఏ వకీలు దగ్గరకు వెళ్ళినా భయంలేదు.

"రిటైరైనా మాకు మీ పీడ విరగడ కాలేదు," అన్నాడు క్లర్కు, ఇనప గది తాళం తీస్తూ.

"నేను పోయాక కూడా వస్తాను. దుమ్ము దులిపి ఉంచు."

వెతుకుతున్నది తలల జాబితా. ఇంగ్లండు రాజు కాలంలో ఏటా ఒక కెప్టెను ఇల్లిల్లూ తిరిగి, పన్ను కట్టాల్సిన తలలెన్నో రాసుకునేవాడు. నాన్న వాటన్నిటినీ టైపు చేసి కుట్టించాడు. అసలువి వెలిసిపోయాయని అరవై ఏళ్ళుగా అందరూ ఆ టైపు ప్రతినే చూస్తున్నారు. 1772 పేజీలో 'అబ్సలోం ట్రివిట్ - 2' అని ఉంటుంది. కింద నాన్న చిన్న అక్షరాల్లో రాశాడు. రెండో తల ఆయన తమ్ముడు విలియమ్‌ది.

ఆ విలియమ్‌ కోసం విల్లడీన్ నలభై ఏళ్ళు వెతికింది. నాలుగు రాష్ట్రాల కోర్టులకు రాసింది. సెలవులన్నీ వాడికే ధారపోసింది. వాడికి భూమి లేదు, పెళ్ళి లేదు, చావు లేదు. వాడి పేరు చెబితే పెళ్ళిచూపుల్లో కనబడి మాయమైన పెళ్ళికొడుకు గుర్తొచ్చినంత కోపం వచ్చేది ఆవిడకి.

నూలు చేతితొడుగులు వేసుకుని, పెట్టెలోంచి ఆ కాగితం తీసి, కిటికీ దగ్గరికి తీసుకెళ్ళింది. గోధుమరంగు సిరా. కెప్టెన్‌గారి రాత కోడి గెలికినట్టుంది కానీ, అలవాటైన కంటికి అదేం కష్టం కాదు. ఆరో వరుస.

అబ్సలోం ట్రివిట్, భార్య - 2.

మళ్ళీ చదివింది. కాగితాన్ని ఏటవాలుగా వెలుతురుకు పెట్టి చదివింది. తర్వాత వరుసలన్నీ పైనుంచి కిందిదాకా చూసింది. ముప్పై నాలుగు ఇళ్ళున్నాయి. ఇంకే ఇంటి పక్కనా భార్య అన్న మాట లేదు.

ఉండదు. తెల్లవాళ్ళ ఇళ్ళల్లో ఆడవాళ్ళ తలలు లెక్కలోకి రావు. బానిస కాకుండా స్వతంత్రంగా బతికే ఆడమనిషి తలకు పన్ను పడిందంటే ఒక్కటే కారణం, ఆవిడ తెల్లది కాదు. చెరోకీ తెగ పిల్లా, ఆఫ్రికా రక్తమా, రెండూ కలిశాయా అన్నది కెప్టెను రాయలేదు. ఈ సంగతి ఇదే కిటికీ దగ్గర నిలబడి ఎన్ని వందలమందికి చెప్పిందో ఆవిడకే లెక్క లేదు. కొందరు ఏడ్చేవాళ్ళు. కొందరు కాగితం తప్పని పోట్లాడేవాళ్ళు. పోట్లాడేవాళ్ళని చూసి లోపల్లోపల నవ్వుకునేది.

ఇప్పుడు ఆవిడకి పోట్లాడాలనిపించింది. ఎవరితో పోట్లాడాలో తెలియలేదు.

విలియమ్‌ దొరకలేదంటే వాడు పుట్టలేదు కాబట్టి. నాన్న వాణ్ణి టైపు మిషను మీద కన్నాడు. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. లోకంలో ప్రతి బైబిల్నీ వాసన చూసింది గానీ, అలమారలో మొదటి వరుసలో ఉన్న పుస్తకాన్ని ఒక్కసారీ చూడలేదు.

"దొరికిందా?" అన్నాడు క్లర్కు.

"నకలు ఒకటి తీసిపెట్టు," అంది.

శుక్రవారమంతా ఆ నకలు రొట్టెల డబ్బాలో, రొట్టె కింద ఉంది. రెండుసార్లు తీసి పొయ్యిదాకా వెళ్ళింది. అసలుది పెట్టెలోనే ఉందిగా, ఎవరు చూడొచ్చారు, అరవై ఏళ్ళు ఎవరూ చూడలేదు, ఇంకో అరవై ఏళ్ళు చూడరు. సంచిలో ఉత్తరం సిద్ధంగా ఉంది, సంతకమే తరవాయి. హాల్లో గోడమీద నాన్న ఫొటోలో బంగారు గొలుసు గడియారంతో, అందరూ గౌరవించే ఎల్బర్ట్ ట్రివిట్ గారిలాగే ఉన్నాడు. ఆయన చేతి కింద కూర్చునే విల్లడీన్ అక్షరాలు నేర్చుకుంది. ఆయన్ని ఇంత ప్రేమించాక ఇప్పుడు ఇలా అనుమానించాల్సి రావడం ఆవిడకి చెప్పలేనంత బాధగా ఉంది. అదీగాక, ఒక అనుమానం ఇంకోదాన్ని పిల్చుకొస్తుంది. బైబిల్లోని ఆ వరుస వదల్లేదు. కొండ మీద, తూర్పు వైపు.

*

శనివారం పొద్దున, మర్నాటి డెకరేషన్ కోసం సమాధుల మీది గడ్డి చెక్కే పని. కొండెక్కేసరికి హోబర్ట్ అప్పటికే గడ్డికోత మిషను నడుపుతున్నాడు. విల్లడీన్ పెదనాన్న కొడుకు, డెబ్భై ఎనిమిదేళ్ళవాడు, శ్మశానం కమిటీకి పెద్ద. కంచె బయట కూడా ఒక చుట్టు తిప్పుతూ, పోయినేటి మైనం పూలని బూటుతో పక్కకి తన్నాడు. ఏటా అలాగే తన్నేవాడు. ఆవిడ ఏటా చూస్తూనే ఉండేది.

ఆవిడ తూర్పు కంచె వెంట నడిచింది. దేవదారు గుంజలు, మూడు వరసల తీగ. కంచె తిన్నగా వచ్చి, ఒకచోట లోపలికి తొమ్మిది అడుగులు విరిగి, ఆ బండరాయిని బయట వదిలేసి, మళ్ళీ తిన్నగా పోయింది. ముప్పై నాలుగులో ఈ కంచె కట్టింది నాన్నే. ఆరేళ్ళ విల్లడీన్ మేకుల డబ్బా పట్టుకుని వెనకాలే తిరిగింది. ఇక్కడెందుకు వంకర తిప్పావు నాన్నా అనడిగితే, కింద రాతిపలక ఉందే తల్లీ, గుంజ దిగదు అన్నాడు.

వెంట తెచ్చుకున్న పొడుగాటి ఇనప చువ్వ తీసింది. ఎక్కడ సమాధి ఉందో, ఎక్కడ లేదో తెలుసుకోవడానికి దాంతో నేల పొడిచి చూస్తారు. ఎప్పుడూ తవ్వని నేల అడుగు లోపలే చువ్వని ఆపేస్తుంది. రాతిపలకైతే ఖంగుమంటుంది. రాయి పక్కన నిలబడి, రెండు చేతులా బరువంతా వేసి నొక్కింది.

చువ్వ నాలుగడుగులు దిగిపోయింది. మొక్కజొన్న రొట్టెలో కత్తి దిగినట్టు దిగింది. ఎక్కడా ఖంగుమనలేదు.

అయితే ఆయనకి తెలుసు. ఆ సంవత్సరమే భార్య అన్న మాట తీసేశాడు, ఆ సంవత్సరమే కంచె వంచాడు. కంచే చేను మేసింది.

"అక్కడేం పొడుస్తున్నావే? ఆ కుక్కని లేపుతావా?" హోబర్ట్ మిషను ఆవిడ పక్కకు తెచ్చి ఆపి, చెమట తుడుచుకుంటూ దిగాడు. "బోలిన్లకి కాగితం పంపావా? ముసల్ది రేపో మాపో అంటున్నారు. తర్వాత గొడవెందుకు."

"పంపలేదు అన్నయ్యా. ముందు ఇది చదువు." నకలు చేతికిచ్చింది.

అతను చేయి చాచి దూరంగా పెట్టుకుని చదివాడు. కొంచెం సేపటికి అర్థమయింది. ఇన్నేళ్ళు విల్లడీన్ పక్కన కూర్చుని తలల జాబితాల సోది విన్నాడు కాబట్టి చెప్పాల్సిన పని లేకపోయింది. చుట్టూ చూశాడు. దూరంగా ఆడవాళ్ళు రాళ్ళు కడుగుతున్నారు.

"ఎవరెవరు చూశారిది?"

"నువ్వూ, నేనూ."

"అయితే ఎవరూ చూడలేదన్నమాట." నకలు నాలుగు మడతలు పెట్టి సొంత జేబులోకి తోశాడు. "బాబాయి ఊరికే తీసేసి ఉంటాడా? ఆ రోజుల్లో ఈ మాట పొక్కితే మన పిల్లల్ని స్కూల్లో కూర్చోనిచ్చేవాళ్ళు కాదు. పెళ్ళిళ్ళు పెటాకులయ్యేవి. మంచికే చేశాడు."

"మనకి మంచి. బోలిన్ల పిల్లల్ని స్కూల్లో కూర్చోనివ్వలేదుగా?"

"వాళ్ళ సంగతి వేరు. రూలుంది. చట్టం ఒప్పుకున్న పెళ్ళి సంతానానికే చోటు. ఆ ఈలై కట్టుకున్నదో, ఉంచుకున్నదో, అది తెల్లది కాదు. తెల్లవాడికి తెల్లది కానిదానితో పెళ్ళి ఆనాటి చట్టంలో పెళ్ళే కాదు. బాబాయే రాశాడు రూలు."

"అవును. రూలు రూలే. నోవెల్లాకి చోటు లేదు."

హోబర్ట్ తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నాడు.

"అలాగే నీకూ లేదు," అంది విల్లడీన్. "ఈలై పెళ్ళి పెళ్ళి కాకపోతే, వాళ్ళ నాన్న పెళ్ళి మాత్రం ఎక్కడ పెళ్ళి? అదే చట్టం, అదే రంగు. ఇక్కడ పడుకున్న నూటపద్నాలుగు మందిలో ఒక్కరికి కూడా హక్కు లేదు అన్నయ్యా. రిజిస్ట్రారుగా రాసివ్వమంటే ఇప్పుడే రాసిస్తాను. ముందెవర్ని తవ్వి తీద్దాం? మా నాన్ననా, మీ ఇర్మానా?"

ఇర్మా అతని భార్య. పోయి రెండేళ్ళు. ఆవిడ రాయి మీద అతని పేరు కూడా చెక్కించి, చావు తేదీ ఒక్కటీ ఖాళీగా ఉంచాడు. హోబర్ట్ మొహం ఎర్రబడింది, తర్వాత తెల్లబడింది. గడ్డిమిషను మీద కూలబడ్డాడు.

"నీకు మతి పోయిందే."

"పోతే బాగుణ్ణు. నిన్నంతా అదే కోరుకున్నాను." ఆవిడ చేయి చాపింది. "నా కాగితం ఇలా ఇయ్యి. అయినా పర్లేదు, ఉంచుకో. అసలుది ఎక్కడుందో నాకు తెలుసు."

అతను ఇర్మా రాయి వైపు చూశాడు. చివరికి జేబులోంచి తీసి ఇచ్చాడు.

*

ఆదివారం పొద్దున్నే విల్లడీన్ బోలిన్ల ఇంటికి వెళ్ళింది. పుట్టి బుద్ధెరిగాక ఆ గడప తొక్కడం అదే మొదటిసారి. వంటింటి బల్ల నిండా రంగు కాయితం పూలు ఆరుతున్నాయి. పొయ్యి మీద చిన్న గిన్నెలో మైనం కాగుతోంది. పక్క గదిలో, కిటికీ దగ్గర మంచం మీద ఓమా దిండ్లకి ఆనుకుని ఉంది. మనిషి ఎముకల గూడయింది కానీ కళ్ళు చురుగ్గానే ఉన్నాయి.

విల్లడీన్ సర్టిఫికెట్ నోవెల్లాకిచ్చింది. ఓమా బోలిన్, ఈలై ద్వారా, అబ్సలోం ట్రివిట్, అతని భార్య హన్నాల సంతతి. కింద సంతకం, ముద్ర.

నోవెల్లా చేతులు తుడుచుకుని చదివింది. సంతోషం కనబడలేదు. వెనక్కి తిప్పి చూసింది, మళ్ళీ ముందుకి తిప్పింది.

"బుధవారం కథన్నారు. ఆదివారానికి చరిత్ర అయిపోయిందా? ఏంటి దీని వెనకాల? దేనిమీదైనా సంతకం పెట్టమంటారా?"

"ఏమీ లేదు. బైబిల్లో ఒకే చేత్తో రాయడం మీద నా అనుమానం ఇంకా పోలేదు. కానీ అందులో సమాధి ఉందన్న చోట సమాధి ఉంది. తీసేసిన భార్య కోర్టులో దొరికింది. అబద్ధాల బైబిలు అన్ని నిజాలు చెప్పదు." ఉన్నదున్నట్టు అంతా చెప్పింది. లేని తమ్ముడు విలియమ్ గురించి, నాన్న టైపు మిషను గురించి, వంచిన కంచె గురించి. నాన్న పేరు దగ్గర కూడా ఆపలేదు.

ఓమా కళ్ళు మూసుకుని వింది. "ఇందుకోసం కోర్టుదాకా పోయావా అమ్మాయ్? నన్నడిగితే చెప్పేదాన్నిగా."

"నువ్వు చెబితే నేను నమ్మేదాన్ని కాదు, ఓమా."

"అదీ నిజమేలే." ముసలావిడ నవ్వుకి ఎగశ్వాస వచ్చింది.

"లోపల మంచి చోటు చూశాను. వాల్‌నట్ చెట్టు కింద," అంది విల్లడీన్.

"లోపలెవరడిగారు? నన్ను ఆవిడ పక్కన పెట్టండి."

"అది కంచె బయట కదా."

"ఆవిడ బయటెక్కడుంది అమ్మాయ్? ఆవిడ ఉన్నచోటే ఉంది. మీ కంచే లోపలికి జరిగింది."

విల్లడీన్ తల తిప్పింది. కిటికీలోంచి చూస్తే కొండ, కొండ మీద గుంజల వరస, ఆ వరసలో వంకర స్పష్టంగా కనిపిస్తున్నాయి. అరవై ఏళ్ళూ ఆ మంచం పక్క కిటికీలోంచి కనిపిస్తూనే ఉన్నాయి కాబోలు.

మధ్యాహ్నానికి కొండ మీద ఎనభై మంది పోగయ్యారు. చెక్కబల్లల మీద వేపుడు కోళ్ళు, బీన్సు, ఎండు యాపిళ్ళ పొరల కేకులు. పాస్టరు ప్రార్థన అయి, పళ్ళేలు అందుకునే వేళకి, తూర్పు వైపునుంచి కీచుమని చప్పుడొచ్చింది. అందరూ తిరిగి చూశారు. విల్లడీన్ ఆదివారం గౌనులోనే మోకాళ్ళ మీద కూర్చుని, సుత్తి కొనతో గుంజకి ఉన్న మేకులు పీకుతోంది. ఒకటి పీకి గడ్డిలో వేసింది. రెండోది రాలేదు. అరవై ఏళ్ళ తుప్పు.

"అదేంటి అత్తయ్యా, ఎవరైనా కారు గుద్దారా కంచెకి?" అని ఎవరో అరిచారు. ఆవిడ సుత్తి కొన రెండో మేకు కిందికి మళ్ళీ తోసింది.

హోబర్ట్ ఇర్మా రాయి దగ్గర నిలబడి ఉన్నాడు. పళ్ళెం అక్కడే పెట్టి, నడుం పట్టుకుంటూ వచ్చాడు. ఆపడానికే వస్తున్నాడనుకుంది. దగ్గరికొచ్చి కాసేపు చూశాడు.

"గడ్డిలో వెయ్యకే. రేపు నా మిషను బ్లేడు పోతుంది," అన్నాడు. పక్క బల్ల మీద ఖాళీ అయిన బీన్సు డబ్బా తెచ్చి, ఆవిడ చేయి కిందికి పట్టాడు. మేకులు ఒక్కొక్కటే డబ్బాలో పడ్డాయి.

నోవెల్లా రాయి అవతల, పూల బుట్టతో నిలబడి అదంతా చూస్తోంది. ఇద్దరి మధ్యా తీగ ఊడి వేలాడుతున్నా ఆమె ఇవతలికి అడుగు వేయలేదు.

"మిస్ విల్లడీన్, ఆ తలల జాబితా నేను చూడాలి. నకలు కాదు, అసలుది."

తలెత్తి చూసింది విల్లడీన్. చెమటకి కళ్ళద్దాలు జారాయి. నలభై ఏళ్ళ కిందట నాన్నని తను అడగాల్సిన మాట అది.

"పొద్దున ఎనిమిదింటికి కోర్టు తీస్తారు. భూతద్దం తీసుకొస్తాను, రా," అంది. "నా మాట మాత్రం నమ్మకు."